డాబా మీద రాతి మొక్కలు: హన్మకొండ ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ నెలాఖరు

చేయబోయే పని ఇది. దక్షిణాఫ్రికా, నమీబియాల్లో గులకరాళ్ల మధ్య అచ్చం గులకరాళ్లలాగే ఉండే లిథాప్స్ మొక్కల్ని, వాటి చుట్టాలైన ఐస్ ప్లాంట్లని హన్మకొండలో మా డాబా మీద పెంచి, వచ్చే వానాకాలం దాటించాలి. పూల సంగతి ఇప్పుడు లెక్కలో లేదు. లిథాప్స్ విత్తనం నుంచి పూతకు రావాలంటే మామూలుగా మూడేళ్లు పడుతుంది. వానాకాలం దాటితే పాసైనట్టే.

ఈ మొక్కల గురించి చెప్పగానే ఎవరైనా అడిగేది ఎండ గురించే. మే నెలలో మన ఎండకు ఏది తట్టుకుంటుంది అని. నా టెన్షన్ ఎండ కాదు. లిథాప్స్ పుట్టిన చోట్ల చాలావరకు ఏడాదంతా కలిపి 500 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. వరంగల్‌లో సగటు 900 దాటుతుంది, అదీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఇంకో తేడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడి పీఠభూమి చాలాచోట్ల వెయ్యి మీటర్ల చుట్టుపక్కల ఎత్తు. పగలు ఎంత కాలినా పొద్దుగూకితే చల్లబడుతుంది. మనకు ఆ ఎత్తు లేదు. వేసవిలో స్లాబు రాత్రి పన్నెండింటికి కూడా కాళ్లకు వెచ్చగా తగులుతుంది.

రాత్రి చల్లదనం ఎందుకంత ముఖ్యమో తర్వాత రాస్తాను. ముందు స్టాండు పని. వాటర్ ట్యాంకుకు తూర్పున, మధ్యాహ్నం రెండు తర్వాత నీడ పడే జాగా ఎంచుకున్నాను. ఇనుప యాంగిల్ స్టాండు, పైన వాలుగా పాలీకార్బొనేట్ షీటు, నాలుగు వైపులా ఖాళీ. షీటు కింద 50 శాతం షేడ్ నెట్, కావాలంటే లాగేటట్టు, వద్దంటే మడిచేటట్టు. వెల్డింగ్ చేసిన అన్న "కోళ్లకా సార్" అని అడిగాడు. కోళ్లకైతే చుట్టూ జాలీ కావాలి కదా అని ఆయనే మళ్లీ అనుమానపడ్డాడు. ఆ జాలీ అప్పుడే పెట్టించుకుంటే రెండోసారి ఖర్చు తప్పేది, ఆ కథ ఏప్రిల్‌లో వస్తుంది.

అక్టోబర్, దసరా అయిన తర్వాత

మట్టి. ఈ ప్రాజెక్టులో సగం పని ఇదే.

సక్యులెంట్ మిక్స్ పేరుతో సంచుల్లో అమ్మేదాంట్లో కోకోపీట్ ఎక్కువ. కోకోపీట్ తడిస్తే రోజుల తరబడి ఆరదు, పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లు తాగదు. మన వాతావరణంలో రెండూ చేటే. నల్లరేగడి గురించి చెప్పనక్కర్లేదు, పత్తికి బంగారం, వీటికి బురద. చల్క నేల కొంత నయం గానీ అందులోని సన్నటి ఎర్రమట్టి నీళ్లు పోయగానే పేరుకుని గట్టిపడుతుంది.

మనకు సులువుగా దొరికేది మొరం. మన చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలే వేల ఏళ్లుగా చివికి చివికి ఇట్లా మొరం అయ్యాయి. కాజీపేట అవతల ఇల్లు కడుతున్న చోట ట్రాక్టర్ మొరం దింపి ఉంటే, మేస్త్రీని అడిగి రెండు బస్తాలు తెచ్చుకున్నాను. జల్లెడ రెండుసార్లు పట్టాలి. మొదట పెద్ద జల్లెడతో రాళ్లు తీసేయాలి, తర్వాత సన్న జల్లెడతో దుమ్ము తీసేయాలి. మధ్యలో మిగిలే జొన్నగింజ సైజు గరుకే మనకు కావాల్సింది. దాన్ని బకెట్‌లో వేసి కడుగుతుంటే మొదటి నీళ్లు చాయ్ రంగులో వచ్చాయి. తేటగా అయ్యేదాకా కడగాల్సిందే.

నేను కలిపిన పాళ్లు: కడిగిన మొరం 5 పాళ్లు, క్రషర్ బేబీ చిప్స్‌లో సన్నవి 3 పాళ్లు, దంచి జల్లించిన ఇటుక ముక్కలు 1 పాలు, వర్మీ కంపోస్టు 1 పాలు. ఇటుక ముక్కలు ఎందుకంటే అవి కొంచెం తేమ పట్టుకుని మెల్లగా వదులుతాయి. పరీక్ష కూడా చేశాను. కుండీ నిండా పోసి పైనుంచి గ్లాసు నీళ్లు ఒంపితే పైన నిలవకుండా వెంటనే కింద బొక్కలోంచి రావాలి. ఒక్క క్షణం నీళ్లు పైన మెరిసినా మళ్లీ జల్లెడ పట్టాను.

కుండీలు మట్టివే, వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. పైకి కనిపించేది గోలీకాయంత అయినా లిథాప్స్ వేరు లోతుకు దిగుతుంది.

అదే నెల, విత్తనాలు

విత్తనాల కొనుగోలు గురించి ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో నీలం, గులాబీ, చిలకపచ్చ రంగుల్లో మెరిసే లిథాప్స్ ఫొటోలు పెట్టి అమ్ముతుంటారు. ఫొటోల్లో రంగులు వేసినవే అవన్నీ. అసలు రంగులు గోధుమ, బూడిద, తుప్పు ఎరుపు, మట్టి పసుపు, కొన్నిట్లో ఆకుపచ్చ ఛాయ. సరిగ్గా అలాంటి ఫొటో చూసి మా పక్కింటి సార్ ఒక ప్యాకెట్ తెప్పించుకున్నారు. గింజలు కాస్త పెద్దవి. లిథాప్స్ గింజ ఇసుక రేణువు కన్నా చిన్నది, ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. ఆయన విత్తినవి మొలిచాక గడ్డిగులాబీ అని తేలింది. పూలు బాగానే పూశాయి, ఆయనకు పెద్దగా బాధ లేదు.

నమ్మకమైన పెంపకందార్ల దగ్గర ప్యాకెట్ మీద జాతి పేరుతోపాటు సి అక్షరం, ఒక నంబరు ఉంటాయి. డెస్మండ్ కోల్, ఆయన భార్య నౌరీన్ దశాబ్దాల పాటు దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్‌వానా తిరిగి, ఏ గుట్ట మీద ఏ రకం ఉందో రాసిపెట్టి దాదాపు 400 నంబర్లు ఇచ్చారు. ఆయన వృత్తి భాషాశాస్త్రం, బంటూ భాషల ప్రొఫెసర్. రాతి మొక్కలు సెలవుల్లో పట్టుకున్న పిచ్చి. ఆ నంబరు ఉందంటే గింజ ఏ కొండ నుంచి మొదలైందో తెలిసినట్టు.

నేను ఎంచుకున్న లిథాప్స్ జాతులు లెస్లీయై, ఆకాంపియే, కరాస్మోంటానా. మొదటి రెండూ వేసవి వానలు పడే ప్రాంతాలవి, కాబట్టి వెచ్చని కాలంలో తడిని కాస్త ఓర్చుకుంటాయని లెక్క. కరాస్మోంటానా నమీబియాది. అది తట్టుకోదేమో అన్న అనుమానంతోనే తీసుకున్నాను, పోలిక కోసం. ఆకాంపియేలో పెద్ద మొక్కలు కూడా రెండు కొన్నాను. వాటితోపాటు ఒక ఎండిన కాయ ఉచితంగా వచ్చింది.

ఆ కాయ గురించి కాస్త వివరంగా రాయాలి. శనగగింజ కన్నా చిన్నది, బూడిద రంగు, గట్టి చెక్కలా మూసుకుని ఉంది. గోళ్లతో తెరవబోతే రాలేదు. స్పూన్‌లో పెట్టి పైన ఒక్క నీటి చుక్క వేశాను. కాసేపటికి పైకప్పు మీద గీతలు కనిపించాయి. మెల్లగా ఆ గీతల దగ్గర రెక్కలు లేచి వెనక్కి వాలాయి. చివరికి ఆరు రెక్కల నక్షత్రంలా పూర్తిగా విచ్చుకుంది, లోపల గదుల్లో గోధుమరంగు ధూళి, అదే విత్తనం. టిష్యూ పేపర్‌తో తడి అద్ది ఎండలో పెడితే రెక్కలన్నీ తిరిగి మూసుకున్నాయి. మళ్లీ చుక్క వేస్తే మళ్లీ తెరుచుకుంది. కాయ ఎప్పుడో చచ్చిపోయింది, ప్రాణంతో పనిలేదు. రెక్కల అడుగున తడికి ఉబ్బే పొర ఒకటి ఉంది, అంతే. వాన పడితేనే తెరుచుకోవాలి, చినుకు దెబ్బకు గింజలు చిమ్మాలి, మిగిలినవి దాచి పెట్టుకుని ఇంకో వానకోసం మూసుకోవాలి. ఈ కుటుంబం మొత్తానిదీ దాదాపు ఇదే పద్ధతి. అమ్మను పిలిచి చూపిస్తే, "మరి గిది ఎన్నిసార్లు తెరుస్తదిరా?" అంది. ఆ రోజు విసుగొచ్చేదాకా తెరిపించాం.

విత్తడం సులువు. మిక్స్‌ని అంచుదాకా నింపి, పైన సన్న గరుకు పరిచి, తడిపి, గింజల్ని పొడి ఇసుకతో కలిపి చల్లాలి. పైన కప్పకూడదు. కుండీ మీద గాజు పలక, దాని మీద పల్చటి గుడ్డ. కాలం ముఖ్యం: రాత్రి 20 డిగ్రీలకు కాస్త అటుఇటుగా దిగడం మొదలయ్యాక విత్తాలి, మనకు అది అక్టోబర్ చివర.

వీటితోపాటు చలికాలపు ఐస్ ప్లాంట్లు రెండు రకాలు విత్తాను. ఒకటి డొరోథియాంథస్, చామంతిలా రంగురంగుల పూలు పూసేది, నర్సరీల్లో ఐస్ ప్లాంట్ అంటే చాలాసార్లు ఇదే ఇస్తారు. రెండోది అసలు ఐస్ ప్లాంట్, మెసెంబ్రియాంథిమమ్ క్రిస్టలైనమ్. ఇంకో ఐస్ ప్లాంట్ డెలోస్పెర్మా కూపరీ కొమ్మలు ఒక స్నేహితుడు ఇచ్చాడు, గుచ్చితే చాలు వేరు పట్టాయి. బేబీ సన్ రోజ్ అనే వేలాడే మొక్క మా ఇంట్లో ముందే ఉంది. వరంగల్ నర్సరీల్లో ఎక్కడైనా దొరుకుతుంది, అది కూడా ఈ కుటుంబమే అని చాలామందికి తెలియదు.

నవంబర్, డిసెంబర్

లిథాప్స్ మొలిచాయి. భూతద్దం పెట్టి చూస్తే పచ్చటి చుక్కలు, ఒక్కోదాని నడుమ గీత.

క్రిస్టలైనమ్ మాత్రం రోజురోజుకూ కొత్తగా కనిపిస్తోంది. ఆకు నిండా గాజు పూసల్లాంటి బుడగలు. ముట్టుకుంటే మంచులా ఉంటుందనుకుంటాం, చల్లగా ఏమీ ఉండదు. ఒక్కో బుడగా ఒక్కో కణం, అందులో నీళ్లు, ఉప్పు దాచుకుంటుంది. అందుకే దీనికి కావాలనే మా బోరు నీళ్లు పోస్తున్నాను. గోడల మీద తెల్లగా పేరుకునే నీళ్లవి. లిథాప్స్‌కు మాత్రం వానాకాలంలో డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్లే. క్రిస్టలైనమ్ ఆకుని జపాన్‌లో సలాడ్ కూరగా అమ్ముతారు. అమ్మ ఒక ఆకు నమిలి, "ఉప్పు ముందుగాల్నే ఏసినట్టున్నదిరా" అంది. పెరుగులో వేసుకుంటే బాగానే ఉంది. పప్పులో ఉడికిస్తే ఏమీ మిగల్లేదు.

శాస్త్రవేత్తలకు ఈ మొక్క మీద మోజు వేరే కారణానికి. లేతగా, నీళ్లు బాగా ఉన్నప్పుడు ఇది మామూలు మొక్కలాగే పగలు గాలి పీల్చుకుంటుంది. ఉప్పు పెరిగినా, నీళ్లు తగ్గినా పద్ధతి మార్చేస్తుంది. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని, దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లవారాక తలుపులు వేసుకుని ఆ నిల్వతో ఎండలో వంట చేసుకుంటుంది. లిథాప్స్ ఎప్పుడూ ఈ రాత్రి పద్ధతే. దీన్నే క్యామ్ అంటారు.

సెప్టెంబర్‌లో వాయిదా వేసిన విషయం ఇదే. ఈ మొక్కలు ఊపిరి తీసుకునేది రాత్రి. రాత్రి చల్లగా ఉంటేనే ఆమ్లం బాగా పోగవుతుంది. రాత్రి కూడా వేడిగా ఉంటే నిల్వ తగ్గుతుంది, మొక్క పని ఆపి పడుకుంటుంది. పడుకున్న మొక్క నీళ్లు తాగదు. అప్పుడు మనం పోసిన నీళ్లు ఎవరికి? బూజుకి.

ఈ సంగతి కొలవడానికి లాబ్ అక్కర్లేదు, మా ఇంటి వెనక రణపాల ఉంది. ఇది కూడా రాత్రి ఊపిరి మొక్కే. 1813లో బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రవేత్త లండన్‌లోని లినేయన్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఈస్టిండియా కంపెనీ వారి కొలువులో సామర్లకోట తోట చూసుకున్నవాడాయన. రణపాల ఆకు పొద్దున పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి రుచి ఉండదు, సాయంత్రానికి కాస్త చేదవుతుంది అని అందులో రాశాడు. నాలుకతో కనిపెట్టిన విషయం. ఎందుకలా అన్నది తేలడానికి వందేళ్ల పైనే పట్టింది.

డిసెంబర్‌లో పొద్దున్నే ఆరున్నరకు, ఎండ తగలకముందు, ఆకు అంచు కొరికాను. చింతచిగురంత పులుపు. మధ్యాహ్నం అదే కొమ్మ నుంచి ఇంకో ఆకు కొరికితే గడ్డి నమిలినట్టు. నమిలి మింగకూడదు, కొరికి ఉమ్మేయడమే. ఇకనుంచి వారానికోసారి ఈ పరీక్ష చేసి, పక్కన మినిమమ్ టెంపరేచర్ రాసుకోవాలి. పులుపు బాగుంటే నీళ్లు, లేకపోతే లేవు. ఇది శాస్త్రం అనను, రణపాల వేరు లిథాప్స్ వేరు. కానీ రెండూ ఒకే డాబా మీద, ఒకే రాత్రిని చూస్తున్నాయి.

ఫిబ్రవరి

మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోయాం. కూరగాయల కుండీలకు నీళ్లు పోయమని పక్కింటి సార్‌కు తాళం ఇచ్చి, స్టాండు జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పాను. పెద్ద ఆకాంపియేలు చలికాలమంతా పాత ఆకుల్లోంచి కొత్త ఆకుల్ని తోడుకుంటున్నాయి. నడిమి చీలికలోంచి కొత్త జత తొంగిచూస్తోంది, పాత జత ముడతలు పడి తోలులా అవుతోంది. ఇప్పుడు నీళ్లు పోస్తే పాత ఆకులు ఎండవు, రెండు జతలు ఒకదాని మీద ఒకటి ఉండిపోతాయి. ఒక లిథాప్స్‌కు ఒక జతే ఉండాలి. పాత ఆకులు కాగితంలా అయ్యేదాకా చుక్క పోయకూడదు.

ఇంటికొచ్చి చూస్తే డొరోథియాంథస్ పూసింది. పదకొండు గంటలకు విచ్చుకుని ఎండ తగ్గగానే ముడుచుకుంటోంది. మబ్బుపడితే అసలు తెరవదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేవాళ్లకు ఈ మొక్క పనికిరాదు, ఆదివారం మొక్క ఇది.

మొరం కుండీలో ఆకాంపియే ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. తుప్పు ఎరుపు మీద తుప్పు ఎరుపు. 1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లండ్ యాత్రికుడు దక్షిణాఫ్రికాలో ప్రీస్కా దగ్గర నేల మీంచి వింత గులకరాయి అనుకుని తీసి చూస్తే మొక్క అయింది. రాతకెక్కిన మొదటి లిథాప్స్ అదే. లిథాప్స్ అనే పేరు మాత్రం 1922లో ఎన్.ఇ. బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టాడు. ఫొటో తీయాలంటే నేనే చుట్టూ తెల్ల చిప్స్ పోయాల్సి వచ్చింది, అది మోసం కిందికే వస్తుంది.

ఏప్రిల్

డొరోథియాంథస్, క్రిస్టలైనమ్ రెండూ అయిపోయాయి. అవి ఏడాది మొక్కలు, మార్చి ఎండకు గింజ కట్టి ఎండాయి. కాయలు కోసి డబ్బాలో పెట్టాను.

కోతులు వచ్చాయి. హన్మకొండలో డాబా ఉన్నవాళ్లకు చెప్పేదేముంది. వాటికి లిథాప్స్ అక్కర్లేదు, నీళ్లు కావాలి. ఒకటి పెద్ద ఆకాంపియేల్లో ఒకదాన్ని పీకి, కొరికి, నచ్చక కింద పడేసి పోయింది. పై సగం లేదు. కొరికిన చోట ఆకు లోపల ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. పైన గాజులాంటి పలుచని పొర, దాని కింద రంగులేని జెల్లీ, పచ్చదనం అడుగున, అంచుల వెంట. అంటే ఎండ పైకప్పు కిటికీలోంచి దిగి, నీళ్ల గుండా జల్లెడ పడి, నేల లోపలున్న పచ్చదనానికి చేరుతుంది. మొక్క ఒళ్లంతా భూమిలో దాచుకుని కిటికీ మాత్రం పైన పెట్టుకుంది. కోతి పుణ్యాన కోతకోసి చూసినట్టయింది. మిగిలిన సగాన్ని నీడలో ఆరబెట్టి మళ్లీ పాతాను, ఆశ లేదు.

స్టాండు చుట్టూ కోళ్ల జాలీ కొట్టించాను. అదే వెల్డింగ్ అన్న. నవ్వలేదు గానీ, నవ్వినట్టే ఉంది.

మే

పగలు 43, 44. షేడ్ నెట్ రోజంతా లాగి ఉంచుతున్నాను. నెట్ కింద లిథాప్స్ కుంచించుకుని, పక్కలు ముడతలు పడి, గరుకులోకి దిగిపోయాయి. భయం లేదు, వాటి పద్ధతే అంత. గట్టిగానే ఉన్నాయి. నెట్ బయట పెట్టిన ఒక కుండీలో మాత్రం ఆకుల మీద తెల్ల మచ్చలు లేచాయి. ఆ కాలిన మచ్చ ఆ ఆకు ఉన్నన్నాళ్లూ పోదు.

రాత్రి మినిమమ్ 30 దగ్గర ఆగిపోతోంది. రణపాల పొద్దున కొరికితే డిసెంబర్ పులుపులో సగం కూడా లేదు. కొన్ని రోజులు మధ్యాహ్నపు ఆకుకూ పొద్దుటి ఆకుకూ తేడా తెలియలేదు. నీళ్లు పూర్తిగా బంద్. మొలకలు చిన్నవి కాబట్టి వాటికి మాత్రం పదిహేను రోజులకోసారి, రాత్రి తొమ్మిది తర్వాత, అంచు వెంట కొద్దిగా.

డెలోస్పెర్మా సగం కొమ్మలు ఎండబెట్టుకుంది, మిగతా సగం బాగానే ఉంది. బేబీ సన్ రోజ్‌కు ఏమీ పట్టలేదు.

జూన్, మృగశిర దాటాక

మొదటి వానలకు పై నుంచి ఒక్క చుక్క పడలేదు గానీ గాలివానకు పక్కల నుంచి జల్లు కొట్టింది. పడమర వైపు తాత్కాలికంగా పాలిథీన్ పట్టా కట్టి, వాన ఆగగానే విప్పుతున్నాను. కట్టి వదిలేస్తే లోపల ఆవిరి పట్టి గాలి ఆడదు, అది వానకన్నా చెడ్డది.

స్టాండు కింద, మొరం ఒలికిన చోట కలుపు మొలిచింది. గుండ్రటి దళసరి ఆకులు, నేలబారు కొమ్మలు. పీకబోతుంటే అమ్మ వచ్చింది.

"పీకకురా, గలిజేరు. పప్పుల ఏస్త."

"నాలుగు మొక్కలే ఉన్నయమ్మా."

"వారం ఆగు, ఎన్నయితయో సూడు."

అమ్మ అన్నట్టే అయింది. అసలు విశేషం అది కాదు. ఈ తెల్ల గలిజేరు, ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్, లిథాప్స్ కుటుంబమే, ఐజోయేసీ. అంటే నేను కొరియర్‌లో తెప్పించి గాజుపలక కింద పొదిగిన వాటి చుట్టం, పిలవకుండానే వచ్చి స్టాండు కింద కూర్చుంది. ఎండకూ వానకూ దేనికీ లొంగకుండా పెరుగుతోంది. కారణం దాని ఊపిరి పద్ధతి. గలిజేరు రాత్రి కోసం ఎదురుచూడదు. సి4 అనే పద్ధతిలో పగలే, మండే ఎండలోనే, తక్కువ నీళ్లతో ఎక్కువ పని చేసుకుంటుంది. మన గంగవాయిలి కూర వేరే కుటుంబం, అయినా అదీ సి4 మొక్కే. నీళ్లు కరువైతే రాత్రి పద్ధతి కూడా పట్టగలదు. రెండు తాళంచెవులున్న మొక్క. కరువును తట్టుకోవడం అంటే ఒక్కటే గుణం అనుకుంటాం గానీ, చల్లటి రాత్రులున్న ఊరి కరువు వేరు, ఉక్కపోత ఊరి కరువు వేరు. గలిజేరు మన ఊరిది.

జూలై, ఆగస్టు

ప్రాజెక్టు అసలు పరీక్ష. రోజుల వారీగా రాయడం లేదు, చాలా రోజులు ఒకేలా ఉన్నాయి.

ముసురు పట్టిన వారాల్లో రాత్రి 24కు దిగింది. రణపాల మళ్లీ పులుపెక్కింది. నా లెక్క ప్రకారం అప్పుడు నీళ్లు పోయొచ్చు. కానీ గాలిలో తేమ ఎంతుందంటే కుండీలు వాటంతటవే ఆరడం లేదు, గరుకు మీద పచ్చటి పాచి కూడా కనిపించింది. కాబట్టి రణపాల ఒక్కటీ చాలదు. పులుపు ఉండాలి, కుండీ అడుగుదాకా ఆరి ఉండాలి, ఆ రెండూ కుదిరినప్పుడే నీళ్లు. అడుగు ఆరిందో లేదో తెలియడానికి వెదురుపుల్ల గుచ్చి తీసి పెదవికి ఆనించడమే పద్ధతి.

నష్టాలు ముసురులో రాలేదు. వానలు ఆగి, ఎండ కాసి, గాలి స్తంభించిన రోజుల్లో వచ్చాయి. నేల తడి, రాత్రి 27, 28, ఉక్కపోత. కరాస్మోంటానా మొలకలు ఒక మూల నుంచి కరిగిపోవడం మొదలైంది. పొద్దున గట్టిగా ఉన్నది సాయంత్రానికి వేలితో తాకితే నీళ్ల సంచిలా మెత్తగా అయ్యేది. మెత్తబడ్డదాన్ని చుట్టూ ఉన్న గరుకుతో సహా స్పూన్‌తో తీసి పారేశాను, ఆ గుంతలో పొడి చిప్స్ నింపాను. మందులు కొట్టడం కన్నా ఆరబెట్టడమే పని చేసింది. పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి 12 వోల్టుల అడాప్టర్‌కు కలిపి రాత్రంతా మొలకల మీదుగా తిప్పాను. ఫ్యాన్ పెట్టాక ఆ కుండీలో కరగడం చాలావరకు తగ్గింది. ఈ డైరీ చదివి ఎవరైనా ఒక్క వస్తువే కొంటానంటే ఆ ఫ్యానే కొనమంటాను. ఖరీదైన ప్యూమిస్ (తేలికపాటి అగ్నిపర్వతపు రాయి), దిగుమతి మట్టి, అన్నీ దాని ముందు దిగదుడుపే.

పిండినల్లి బేబీ సన్ రోజ్ మీద మొదలై డెలోస్పెర్మా మీదికి పాకింది. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచేశాను.

సెప్టెంబర్, అక్టోబర్

లెక్క తేల్చాను. కరాస్మోంటానా దాదాపు మొత్తం పోయింది. లెస్లీయై, ఆకాంపియే మొలకలు సగానికి పైగా నిలబడ్డాయి. పప్పుబద్ద సైజు వచ్చాయి, పైన కిటికీ గీతలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. డెలోస్పెర్మా వానలకు కోలుకుని కుండీ నిండింది, మెజెంటా పూలు మొదలయ్యాయి. అది దక్షిణాఫ్రికాలోని ఫ్రీ స్టేట్, దాని పక్క దేశం లెసోతో వైపుది, వేసవి వాన దానికి కొత్త కాదు. కోతి కొరికిన ఆకాంపియే చచ్చిపోయింది. రెండోది బతికింది, నడిమి చీలికలో మొగ్గ కనిపిస్తోంది. పూసినా కాయ కట్టదు. లిథాప్స్ తన పుప్పొడి తనకు పనికిరాదు, ఇంకో మొక్క కావాలి. కోతి మీద కోపం ఇప్పుడొచ్చింది.

రణపాల పులుపు, మినిమమ్ టెంపరేచర్ పక్కపక్కన రాసుకున్న నోట్‌బుక్ తిరగేస్తే ఒకటి స్పష్టంగా ఉంది. 25 లోపు దిగిన రాత్రుల తర్వాత పులుపు దాదాపు ఎప్పుడూ ఉంది. 28 దాటిన రాత్రుల తర్వాత దాదాపు లేదు. మధ్యలో నాలుక మీద ఆధారపడింది, అమ్మ నాలుకకూ నాదానికీ కుదరలేదు.

ఈ చలికాలం లెస్లీయై, ఆకాంపియే మాత్రమే విత్తుతున్నాను. కరాస్మోంటానా మళ్లీ పెట్టను, దాన్ని బెంగళూరు వాళ్లకు వదిలేయొచ్చు. కొత్తగా ఫౌకారియా ఒకటి తెచ్చాను, ఆకు అంచుల్లో పులి దవడలా పళ్లున్నది. రాతి మొక్కల్లో ఉక్కపోతను కాస్త ఓర్చుకుంటుందని పెంచేవాళ్ల మాట. ఫ్యాన్‌కు టైమర్ పెట్టాలి, పడమటి పాలిథీన్ పట్టాకు చుట్టే కడ్డీ వేయించాలి. జాలీ తలుపుకున్న కొక్కేన్ని తీయడం కోతులు నేర్చుకున్నాయి కాబట్టి దానికి గొళ్లెం, చిన్న తాళం. వెల్డింగ్ అన్న ఆదివారం వస్తానన్నాడు.